మచ్చ దాచని బస్సు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రవాణా కమిషనర్ గారికి,

ఏటా మే 15తో రాష్ట్రంలోని విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ గడువు ముగుస్తుంది. జూన్ 12 ప్రాంతంలో బడులు తిరిగి తెరుచుకుంటాయి. వాడుకలో ఫిట్‌నెస్ అని పిలిచేది, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం, ఒక వాహనం రోడ్డు మీద తిరగడానికి తగినదని ఇచ్చే యోగ్యతా పత్రం. ఆ పత్రం కోసం ఈ రెండు తేదీల నడుమ ఉన్న నాలుగు వారాల్లో, ఎన్టీఆర్ జిల్లా తిరువూరు వంటి పట్టణాల్లో, పసుపు బస్సులు టింకరింగ్ షెడ్లకు చేరి, చిరిగిన సీట్లు కుట్టించుకొని, వదులైన అద్దాలు బిగించుకొని, చివరకు ఒక కొత్త కోటు రంగుతో తనిఖీకి వెళ్తాయి. ఈ హడావిడిలో అన్నిటికన్నా సులువుగా జరిగిపోయేదీ, అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేదీ ఒకటే: రేకు మీద లేచిన చిన్న తుప్పు మచ్చను తీయకుండానే దాని మీద రంగు కప్పడం. అలా కప్పిన బస్సు తనిఖీ రోజున మెరుస్తుంది. మచ్చను గీకి, ప్రైమరు పట్టించి, ఆ మేరకే రంగు అద్దిన బస్సు మాత్రం అతుకులు వేసిన బొంతలా కనిపిస్తుంది. చూసే కన్ను మెరుపును మెచ్చినంత కాలం యజమాని మెరుపు మీదనే ఖర్చు పెడతాడు గనుక, తనిఖీ రంగు వేయడానికి ముందే మొదలు కావాలనీ, అతుకు కనిపించే బస్సును చిన్నచూపు చూడకూడదనీ ఈ లేఖ తమను కోరుతున్నది.

తుప్పు స్వభావం తెలిస్తే ఈ కోరికకు కారణం తెలుస్తుంది. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిసినప్పుడు పుట్టే ఎర్రని పదార్థమే తుప్పు. అది రాగి మీది చిలుములా గట్టి పొరగా నిలిచి లోపలి లోహాన్ని కాపాడదు. తనకు పుట్టుకనిచ్చిన ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్ల దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఉబ్బుతుంది, పొరలు పొరలుగా లేస్తుంది, ఆ పొరల సందుల్లో తేమను పట్టి ఉంచుకుంటుంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో యులిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త 1920లలో ఇనుప పలక మీద ఒక్క ఉప్పునీటి చుక్క ఉంచి గమనించినప్పుడు ఒక వింత బయటపడింది: గాలి బాగా అందే చుక్క అంచున ఇనుము నిలిచి ఉంది, గాలి అందని నడిమి భాగంలో తినబడింది, ఆ రెండింటి మధ్య తుప్పు ఉంగరంలా పేరుకుంది. గాలి అందే చోటుకూ అందని చోటుకూ మధ్య రేకులోనే ఒక చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుందనీ, ఆ ఘటంలో నష్టపోయేది గాలి ఆడని భాగమేననీ ఆ ప్రయోగం చూపింది. తుప్పు మీద కప్పిన రంగు చేసేది సరిగ్గా ఆ నడిమి భాగాన్ని తయారు చేయడమే. రంగు పొర ఎంత దట్టమైనదైనా తేమను పూర్తిగా ఆపలేదు. పగులు ఉన్న చోట గాలి ఆడుతుంది, దాని పక్కన పొర కింద ఆడదు, ఆ ఆడని చోట లోహం గుంట పడుతూ పోతుంది.

తిరువూరు సముద్రానికి దూరం కనుక మచిలీపట్నంలో వలె ఉప్పుగాలి ఇక్కడి బస్సులను తినదని అనుకోవడం సహజం, అందులో నిజం కొంత ఉంది. అయితే ఉప్పు గాలిలోనే రావాలని లేదు. లవణాలు ఎక్కువగా ఉన్న బోరు నీటితో వాహనాన్ని కడిగి తుడవకుండా ఎండబెట్టినప్పుడు నీరు ఆవిరై లవణం మిగులుతుంది. పొలాలకు ఎరువు మోసే వాహనాల్లో పొటాష్ బస్తా నుంచి రాలే పొడి రసాయనికంగా పొటాషియం క్లోరైడే, అంటే అదీ ఉప్పు జాతిదే. శుభ్రమైన ఇనుము మీద కూడా గాలిలో తేమ సుమారు 60 శాతం దాటి, లవణమో గంధక వాయువో తోడైతే తుప్పు వేగం అందుకుంటుందని బ్రిటన్‌కు చెందిన వెర్నన్ అనే శాస్త్రవేత్త పరిశోధనలు చాలా కాలం కిందటే నిరూపించాయి. వానాకాలపు రాత్రుల్లో ఆ తేమ ఈ ప్రాంతంలో వారాల తరబడి ఉంటుంది.

మచ్చను దగ్గరగా చూడటం అవసరం. అది సాధారణంగా ఫుట్‌బోర్డు పక్క రేకు మీద, వెనక చక్రం పైనున్న మడ్‌గార్డు వంపులో, కిటికీ రబ్బరు కింది మూలల్లో, రివిట్ల చుట్టూ మొదలవుతుంది. చక్రం విసిరే కంకర రాయి రంగును చిట్లగొట్టే చోటు, నీరు నిలిచే చోటు, రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పడే చోటు అవే కనుక. మొదట పసుపు రంగు మీద కందిగింజంత పొక్కు లేస్తుంది, దాని కింది అంచు నుంచి టీ మరక వంటి చార ఒకటి దిగుతుంది. గోటితో నొక్కితే రంగు గుడ్డు పెంకులా చిట్లుతుంది, ఆ పెచ్చును తిప్పి చూస్తే వెనక వైపున ఎర్ర పొడి అంటుకొని ఉంటుంది, కింద రేకు నల్లగా, గరుకుగా, సన్నని గుంటలతో కనబడుతుంది. పొక్కు కందిగింజంతే అయినా, గరుకు కాగితంతో రుద్దుకుంటూ పోయి నలువైపులా మెరిసే లోహం తగిలేసరికి ఆ చోటు పది రూపాయల బిళ్లను దాటిపోతుంది. పైకి కనిపించే తుప్పుకూ రంగు కింద పాకిన తుప్పుకూ ఉన్న ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలా మరమ్మతులు ఒక్క వానాకాలం కూడా నిలవవు.

సరైన మరమ్మతు ఖరీదైనది కాదు, కానీ ఓపిక అడుగుతుంది. ముందుగా ఆ భాగాన్ని సబ్బు నీటితో కడిగి, గ్రీజు, కిరోసిను జిడ్డు లేకుండా తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. జిడ్డు ఉండగా రుద్దితే కాగితం ఆ జిడ్డును లోహంలోకే రాస్తుంది. మచ్చ చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల బాగున్న రంగును కూడా కలుపుకొని మాస్కింగ్ టేపు అంటించాలి. 80 నంబరు గరుకు కాగితంతో గానీ వైరు బ్రష్షుతో గానీ తుప్పును లోహం దాకా తీసి, తర్వాత 120, 220, 320 నంబర్లకు మారుతూ పాత రంగు అంచును మెట్టు లేకుండా పలచబరచాలి; నంబరు పెరిగే కొద్దీ కాగితం నునుపవుతుంది. ఈ పలచబరచడంలో మేస్త్రి నైపుణ్యం తెలుస్తుంది. పని తెలిసిన మేస్త్రి కంటిని నమ్మడు. వేలి కొసలను లోహం మీద నుంచి పాత రంగు మీదకు మెల్లగా జార్చుతాడు, వేలికి గట్టు తగిలిన చోట మళ్లీ రుద్దుతాడు. ఆ గట్టు మిగిలిపోతే దాని మీద వేసిన కొత్త రంగు అక్కడ పలచనై, వచ్చే ఏడాది పొక్కు అక్కడే లేస్తుంది.

గుంటల్లో ఎంత రుద్దినా చావని నల్లటి తుప్పు మిగులుతుంది. దాని కోసం మార్కెట్లో తుప్పు మార్చే ద్రావణాలు దొరుకుతాయి. వాటిలో ఒక రకం ఫాస్ఫారిక్ ఆమ్లంతో తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది, ఇంకొక రకం టానిక్ ఆమ్లంతో దాన్ని నల్లని, గట్టి ఐరన్ టానేటుగా మారుస్తుంది. ఈ రెండో చర్య తెలుగు నేలకు కొత్తది కాదు. పెడన కలంకారీ అద్దకంలో కరక్కాయ పట్టించిన బట్ట మీద, ఇనుప ముక్కలను బెల్లం నీటిలో రోజుల తరబడి నానబెట్టి తీసిన ద్రావణాన్ని అద్దినప్పుడు పుట్టే గాఢమైన నలుపు కూడా కరక్కాయలోని టానిన్, అంటే టానిక్ ఆమ్లం జాతి పదార్థం, ఇనుముతో కలిసి ఏర్పడినదే. ఎన్ని ఉతుకులకైనా నిలిచే ఆ స్థిరత్వమే ఇక్కడ రేకు మీద పనికొస్తుంది. అయినా ద్రావణాన్ని గీకుడుకు బదులుగా వాడటం పొరపాటు. వదులుగా ఉన్న తుప్పు మీద పోస్తే అది పైపొరను నల్లబరచి ఆగిపోతుంది, కింద పాతదంతా అలాగే ఉంటుంది; గుంటల్లో మిగిలిన కొద్దిపాటి తుప్పు మీద మాత్రమే దాని పని.

లోహం బయటపడిన తర్వాత ఆలస్యం పనికిరాదు, ఆ రోజే ప్రైమరు వేయాలి. ప్రైమరు అంటే లోహాన్ని పట్టుకొని పై రంగుకు పట్టునిచ్చే మొదటి పూత. ఊళ్లలో ఎక్కువగా కనిపించే రెడాక్సైడు గేట్లకు, గ్రిల్లులకు సరిపోతుంది గానీ వాన, కుదుపు, కంకర దెబ్బలు తినే బస్సు రేకుకు రెండు పాళ్లు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరు చాలా మేలు. గుంట లోతుగా ఉంటే లప్పం పెట్టవలసి వస్తుంది. అయితే లప్పం నీటిని పీల్చుకునే గుణం ఉన్న పదార్థం కనుక దాన్ని తుప్పు మీద పెట్టకూడదు, పైన మళ్లీ ప్రైమరు లేకుండా వదలకూడదు. తుప్పును గీకకుండా గుంటను లప్పంతో నింపి చదును చేయడం మరమ్మతులలోకెల్లా హీనమైనది: ఆ రోజు నున్నగా ఉంటుంది, ఆరు నెలలకు లప్పం పలకలా ఊడి వస్తుంది, ఊడిన చోట అప్పటికి చేయి పట్టే కంత ఉంటుంది.

రంగు విషయంలో బడి బస్సుకు ఒక సౌలభ్యం ఉంది. కొత్త కార్లలోని మెటాలిక్ రంగుల్లో అల్యూమినియం రేణువులు కలిసి ఉంటాయి కాబట్టి వాటిని చిన్న చోట కలిపేసినట్టు అద్దడం నేర్పరికి కూడా కష్టమే. బస్సు పసుపు అలాంటి రేణువులు లేని సాదా రంగు. అరచేతి కన్నా చిన్న మచ్చకు స్ప్రే గన్ను కూడా అక్కరలేదు, మెత్తని బ్రష్షుతో రెండు మూడు పలచని పూతలు, పూతకూ పూతకూ మధ్య డబ్బా మీద రాసినంత వ్యవధి ఇస్తే చాలు. పాత పసుపు ఎండకు వెలిసి ఉంటుంది కాబట్టి కొత్త అద్దకం కొంచెం ముదురుగా కనబడుతుంది. ఆ ముదురు మచ్చను యజమానులు సిగ్గుగా భావించి బస్సంతటికీ రంగు కొట్టిస్తున్నారు. ఆ సిగ్గును తొలగించగల మాట తమ శాఖ నుంచి రావాలి. పసుపు మీద పసుపు అద్దడం వాహనం రంగు మార్చడం కింద రాదు, రిజిస్ట్రేషన్ పత్రంలోని రంగు మారదు. అలాంటప్పుడు అతుకు కనిపించడం లోపంగా లెక్కలోకి రాకూడదు.

కాలం మాట వచ్చినప్పుడు మే నెల చిక్కు తేటతెల్లమవుతుంది. ఎండలు మండే మే మధ్యాహ్నం ఎండలో నిలిచిన బస్సు రేకు మీద చేయి పెట్టలేని వేడి ఉంటుంది. రంగులో కలిపిన థిన్నరు రేకును తాకకముందే ఆవిరైపోయి, రంగు సమంగా పరుచుకోక ఇసుక చల్లినట్టు గరుకుగా ఎండిపోతుంది, లోహాన్ని పట్టుకోదు. నెల చివరకు తొలకరి వస్తే దీనికి ఎదురు సమస్య: చెమ్మగాలిలో వేసిన రంగు తెల్లగా పాలిపోతుంది, రేకు మీది కంటికి కనిపించని తేమ రంగు కింద చిక్కుకుంటుంది. ఈ రెండింటికీ తోడు, ప్రైమరు గట్టిపడటానికి కావలసిన రోజు కూడా ఇవ్వలేనంత తొందర. ఒక్కో షెడ్డు ముందు వరసగా బస్సులు నిలిచి ఉన్నప్పుడు మేస్త్రిని ఓపిక చూపమనడం న్యాయం కాదు. దీనికి విరుద్ధంగా సంక్రాంతి తర్వాతి వారాల్లో గాలి పొడిగా, ఎండ తగుమాత్రంగా ఉంటుంది, మంచు ఆరిపోయిన ఉదయం పది గంటల నుంచి సాయంత్రం దాకా రంగు పనికి ఏడాదిలో అంతకన్నా అనువైన సమయం ఉండదు. తిరువూరు చుట్టుపక్కల మామిడి కాపు ఏప్రిల్‌లో కోతకు రాకముందు టింకరింగ్ షెడ్లకు తీరికా ఎక్కువే. కోతలు మొదలైతే నున్న మామిడి మార్కెట్టుకు కాయ తోలే వ్యాన్లు, ట్రాలీలు అన్ని షెడ్లనూ ఆక్రమిస్తాయి.

ఇంకొక విషయం పిల్లలకు నేరుగా సంబంధించినది. బడి బస్సు పసుపు రంగు అమెరికాలో 1939లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సైర్ ఏర్పాటు చేసిన సమావేశంతో స్థిరపడింది. ఆ రంగుకు అప్పట్లో పెట్టిన పేరులో క్రోమ్ అన్న మాట ఉండటానికి కారణం అందులో వాడిన లెడ్ క్రోమేట్ అనే సీసపు వర్ణకం. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు పరిమితం చేస్తూ 2016లో నిబంధనలు వెలువడ్డాయి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అవి ఇళ్ల రంగులకూ అలంకార రంగులకూ పరిమితమైనవి. పాత బస్సు మీది పసుపును పొడిగా రుద్దితే లేచే దుమ్ములో సీసం ఉండే అవకాశం ఉందని భావించి నడుచుకోవడమే క్షేమం. కాబట్టి పాత రంగును నీళ్లు చల్లుతూ వాటర్ పేపరుతోనే రుద్దాలి, చివరగా బయటపడిన లోహాన్ని మాత్రం బాగా ఆరబెట్టి, మాస్కు కట్టుకొని, పొడి కాగితంతో ఒకసారి మెరిపించి వెంటనే ప్రైమరు వేయాలి. ఆ మురికి నీటిని బడి ఆవరణలోకి గానీ కాలువలోకి గానీ వదలకూడదు. గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే పెయింట్లలోని ఐసోసయనేట్ల వల్ల మేస్త్రులకు ఉబ్బసం వచ్చే ప్రమాదం వేరే ఉంది; ముక్కుకు కట్టిన తువాలు వాటిని ఆపలేదు. ఈ పని బడి మైదానంలో కాక షెడ్డులోనే, తగిన మాస్కుతో జరగాలన్న నియమం పిల్లలనూ మేస్త్రులనూ కాపాడుతుంది.

ఎంతవరకు చిన్న మచ్చ, ఎక్కడి నుంచి పెద్ద సమస్య అన్న ప్రశ్నకు స్క్రూడ్రైవరు సమాధానం చెబుతుంది. గీకిన చోట దాని కొసతో గట్టిగా నొక్కినప్పుడు రేకు నిలిస్తే పైన చెప్పిన మరమ్మతు చాలు. కొస లోపలికి దిగితే రంగు పని అక్కడితో ఆగి, ఆ ముక్క కోసి కొత్త రేకు అతికే టింకరింగ్ పని మొదలు కావాలి. రేకు లోపలి వైపు నుంచి తినబడి ఉంటే పైనుంచి చేసేదేదీ నిలవదు. తలుపుల కింది అంచున నీరు బయటికి పోవడానికి ఉంచిన సన్నని రంధ్రాలు మట్టితో మూసుకుపోవడం ఇందుకు ప్రధాన కారణం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు వేల వాహనాలు బురద నీటిలో నానాయి. అలా నానిన వాహనం పైన ఎంత శుభ్రంగా కడిగినా, తలుపుల బోలులో, నేల కింది పెట్టె కమ్మీల్లో బురద మిగిలి ఉంటే అక్కడి తేమ నెలల తరబడి ఆరదు. ఆ వరదలో తడిసి పాత వాహనాల మార్కెట్టు ద్వారా ఇతర ఊళ్లకు చేరిన వాహనాలేవైనా ఉంటే, వాటి తలుపుల కింది రంధ్రాలను సన్నని తీగతో పొడిచి చూడటం తనిఖీలో భాగం కావాలి.

పక్క రేకు మీది మచ్చకు ఇంత పట్టింపు ఎందుకన్న సందేహం రావచ్చు. 2012 జూలైలో చెన్నై శివారు తాంబరం ప్రాంతంలో బడి బస్సు నేలలో ఉన్న కంత గుండా ఒక చిన్నారి జారిపడి, అదే బస్సు చక్రం కింద మరణించింది. మద్రాసు హైకోర్టు ఆ ఘటనను తనంతట తానుగా విచారణకు స్వీకరించింది, తమిళనాడు ప్రభుత్వం ఆ ఏడాదే బడి బస్సుల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. పిల్ల పట్టేంత కంత ఒక్క రోజులో కంటపడకుండా తయారయ్యేది కాదు. అంతకు ముందు అది ఎన్నోసార్లు ఎవరో ఒకరి చూపు దాటిపోయి ఉండాలి. బ్రేకుల పట్టును, దీపాల వెలుగును, పొగను యంత్రాలు కొలుస్తున్న ఈ కాలంలో కూడా రంగు కింది రేకు బాగోగులు మనిషి కన్నూ వేలూ చూడవలసినవే. ఆ కన్ను మే నెలలో కొత్త రంగు మీద పడితే చూడగలిగేది ఏమీ ఉండదు.

అందువల్ల రాబోయే సంక్రాంతి సెలవుల్లో, ముందుగా తిరువూరు నియోజకవర్గంలోని విద్యాసంస్థల బస్సులతో, ఒక ప్రాథమిక తనిఖీ జరిపించవలసిందని తమకు విన్నపం. దానికి యోగ్యతా పత్రం గానీ జరిమానా గానీ అక్కరలేదు. బస్సును కడిగి, రంగు వేయకుండా, ఉన్నది ఉన్నట్టు తీసుకురావాలి; మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు పొక్కు ఉన్న ప్రతి చోటా సుద్దతో చుట్టు గీయాలి, నేల రేకును చాప ఎత్తించి చూడాలి, చుట్టు గీసిన చోట్లు ఎన్నో, ఎక్కడెక్కడో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. యజమాని ఆ చోట్లను ఫిబ్రవరి నెలాఖరులోగా బాగు చేయించి, లోహం బయటపడినప్పుడు ఒకటి, ప్రైమరు వేసినప్పుడు ఒకటి, తేదీ కనిపించేలా ఫోనుతో తీసిన ఫొటోలు ఉంచుకోవాలి. మేలో అసలు తనిఖీకి వచ్చేటప్పుడు బస్సంతటికీ కొత్త రంగు అవసరం లేదనీ, సుద్ద గీసిన చోట గట్టి అతుకు కనిపిస్తే చాలుననీ ఒక సర్క్యులర్ వెలువడితే, యజమానులకు డబ్బు మిగులుతుంది, మేస్త్రులకు సమయం దొరుకుతుంది. ఐటీఐలలో ఆటో బాడీ పెయింటింగ్ అనే ట్రేడు ఉంది. అందులో చదివే విద్యార్థులకు ఈ చుట్లు గీసిన బస్సుల్లో కొన్నిటిని వారి బోధకుల పర్యవేక్షణలో అభ్యాసంగా అప్పగించడం కూడా తమ శాఖ, శిక్షణ శాఖ కలిసి ఆలోచించదగినది.

ఇన్‌స్పెక్టరు రాసి ఇచ్చిన కాగితం నకలు ఒకటి బస్సు లోపల, ఫుట్‌బోర్డు ఎక్కగానే కనిపించే చోట అంటించి ఉంచాలన్నది చివరి విన్నపం. బిడ్డను ఎక్కించడానికి రోజూ ఉదయం ఆ తలుపు దగ్గరకు వచ్చే తల్లి, కాగితంలో రాసిన చోట అతుకు పడిందో లేదో తానే చూసుకుంటుంది.

ఇట్లు,
తిరువూరు, ఎన్టీఆర్ జిల్లా నుంచి
బడి పిల్లల తల్లిదండ్రులలో ఒకరు